గాయమునకు పసుపు: ఒక పేటెంటు కథ

కత్తిపీటకు వేలు తెగినప్పుడు చిటికెడు పసుపు అద్ది గుడ్డపీలిక చుట్టుట తెలుగువారి ఇండ్లలో ఒకరు నేర్పనక్కరలేని పని. ఈ పనికే 1995వ సంవత్సరము మార్చి 28వ తేదీన అమెరికా ప్రభుత్వము 5,401,504 సంఖ్యగల పేటెంటును మంజూరు చేసినది. దానిని పొందినది మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రము. గాయము మానుటకై పసుపుపొడిని లోనికిచ్చు పద్ధతియు, పైన అద్దు పద్ధతియు ఆ సంస్థ హక్కుగా నిర్ణయమయ్యెను. దరఖాస్తు పెట్టిన పరిశోధకు లిరువురును భారతీయ సంతతివారే.

పేటెంటు ఇచ్చిన దేశపు ఎల్లలు దాటి చెల్లదు. కాబట్టి ఇచ్చటి ఇల్లాలు పసుపు వాడినందుకు రుసుము చెల్లింపవలసివచ్చునను భయమునకు ఆధారము లేదు. కాని పసుపుతో గాయములకు మందుచేసి అమెరికాలో అమ్మదలచినవారికి మాత్రము అది నిజమైన అడ్డంకియే.

ఇంత పాత వైద్యము క్రొత్తదిగా ఎట్లు చెల్లినది? పేటెంటు పొందవలెనన్న ఆ విషయము అంతకుముందు తెలియనిదై యుండవలెను. అయితే ఆనాటి అమెరికా చట్టము తెలియుట అను మాటకు రెండు కొలతలు పెట్టినది. అమెరికాలో వాడుకలోనున్న విషయమైనచో, అచ్చులో లేకపోయినను, అది పాతదే. ఇతరదేశములలోనిదైనచో అచ్చుపడియుండవలెను, లేదా అచ్చట పేటెంటు పొందియుండవలెను. అనగా మిసిసిపీలోని ఒక అవ్వ వాడుక చాలును గాని, గోదావరి తీరమున ఊరూరి అవ్వల వాడుకయు కలిసి చాలదు. పసుపును భారతదేశమున బెణుకులకు, వాపులకు వాడుదురని ఆ దరఖాస్తులోనే వ్రాసియున్నది. గాయమునకు వాడుట మాత్రము నూతనమని వారి వాదము.

సుశ్రుతసంహితను చూచినచో ఈ వాదము నిలుచుట కష్టము. చికిత్సాస్థానపు మొదటి అధ్యాయమున వ్రణమునకు అరువది ఉపక్రమములు చెప్పబడినవి. వానిలో శోధనము, రోపణము అనునవి ముఖ్యమైనవి. ముందు పుండును శుభ్రపరచి, పిమ్మట కండ పూడునట్లు చేయవలెనని దీని సారము. కషాయములు, నూరిన ముద్దలు, నేతులు, నూనెలు ఈ పనులకు వాడిరి. నేటి వైద్యశాస్త్రము ప్రకారము కూడ గాయమున రక్తము గడ్డకట్టిన పిదప వాపు వచ్చును. ఆ దశలో తెల్లకణములు క్రిములను, చచ్చిన కణజాలమును తొలగించును. ఆ తరువాతనే క్రొత్తకణములు కొలాజెనును అల్లుచు పల్లమును పూడ్చును. సూక్ష్మదర్శిని లేని కాలమున ఈ వరుసను గుర్తించుట సామాన్యమైన పరిశీలన కాదు.

శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996 అక్టోబరులో పునఃపరిశీలన కోరినది. అప్పుడు ఆ మండలికి అధిపతి రఘునాథ్ మషేల్కర్. వాదమంతయు కాగితము చుట్టునే తిరిగినది. సంస్కృతము, హిందీ, ఉర్దూ గ్రంథములు మొదలుకొని ముప్పదిరెండు పత్రములు దాఖలు చేసిరి. వానిలో కొన్ని నూరేండ్లకు పైబడినవి. 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో వచ్చిన వ్యాసమొకటియు అందుండెను. 1997 ఆగస్టులో అమెరికా కార్యాలయము ఆ పేటెంటులోని హక్కులన్నిటిని త్రోసిపుచ్చినది. 1998 ఏప్రిలులో రద్దుపత్రము వెలువడినది.

ఈ తీర్పు చెప్పని సంగతి యొకటి కలదు. పసుపు గాయమును మాన్పునా, మాన్పదా అని అచ్చట ఎవరును విచారింపలేదు. క్రొత్తదా, పాతదా అనుటయే ప్రశ్న. గుణము సంగతి తేల్చవలసినది రసాయనశాస్త్రము, వైద్యశాలలు. పసుపునకు రంగునిచ్చు కర్క్యుమినును 1815లో వోగెల్, పెలెటియే అనువారు వేరుచేసిరి. దాని నిర్మాణము 1910లో తేలినది. ఎలుకల గాయములపై అది మేలుచేసినట్లు ప్రయోగములు కలవు. కాని ఆ పదార్థము నీటిలో దాదాపు కరుగదు, వెలుతురులో చెడిపోవును. మనుష్యులపై జరిగిన పరీక్షలు ఇంకను గట్టిసాక్ష్యము నీయలేదు. పూర్వులు మందులను నేతిలోను, నూనెలోను కాచుట ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చును. కర్క్యుమిను నీటికంటె నూనెలోనే మేలుగా కరుగును. ఇక అంగడి పసుపు సంగతి వేరు. అందు క్రిములుండవచ్చును. రంగుకొరకు సీసపు క్రోమేటు కలుపు మోసగాండ్రును కలరు. లోతైన గాయమున దానిని నింపుట ఏ వైద్యుడును ఒప్పడు.

ఈ వ్యవహారము తరువాత, 2001లో, సాంప్రదాయిక విజ్ఞానపు డిజిటల్ గ్రంథాలయమునకు పని మొదలైనది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథములలోని యోగములను ఇంగ్లీషు, జర్మను, ఫ్రెంచి, జపాను, స్పానిషు భాషలలో పేటెంటు పరీక్షకుల ముందుంచుట దాని పని. అమెరికా చట్టములోని రెండు కొలతలు 2013 మార్చి 16 వరకు సాగినవి. ఆనాటినుండి అచ్చట క్రొత్తగా వేయు దరఖాస్తులకు ఏ దేశమునందలి బహిరంగమైన వాడుకయైనను లెక్కకు వచ్చును. ఆ వాడుక యుండెనని చూపుటకు సాక్ష్యము మాత్రము ఇప్పటికిని కావలెను.