వేళ్ల సందున దొరికిన రాయి

పసిఫిక్ నడిమధ్యన, నేటి మార్షల్ దీవుల్లోని రాడక్ వరసలో ఒకప్పుడు ఓ వింత కట్టుబాటు ఉండేది. ఎక్కడినుంచో కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ చెట్టు వేళ్ల సందున రాయి ఇరుక్కుని కనిపిస్తే అది దొరగారిది. కాజేయబోయినవాడికి శిక్ష! 1817లో రష్యన్ ఓడ రూరిక్‌లో అక్కడికి వెళ్లిన ప్రకృతి శాస్త్రవేత్త చమిస్సో ఈ సంగతి రాశాడు. దీవి అంతా పగడపు సున్నమే. పనిముట్లు నూరుకునే సానరాయి సముద్రం పంపితేనే.

రాయికే ఇంత కరువైతే నీళ్ల మాటేమిటి? 1836 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవుల్లో దిగిన డార్విన్ అక్కడి బావుల్లో మట్టం ఆటుపోట్లతో పాటే పెరిగి తగ్గుతోందని విన్నాడు. నేల ఉప్పునీరు పీల్చిన స్పాంజి లాంటిదనీ, వాన నీరు దానిమీద తేలుతోందనీ ఊహించాడు. ఊహ నిజమే. సముద్రమట్టానికి పైన అడుగు మంచినీరు నిలిస్తే, లెక్క ప్రకారం కింద 40 అడుగులు ఉంటుంది.

ఆ తేలే నీటిని పసిఫిక్‌లోని కిరిబాటి రైతులు పంటకు వాడుకున్నారు. నీటి చెమ్మ తగిలేదాకా చెలమలా గొయ్యి తవ్వి, అందులో బబాయి అనే పెద్ద చేమ నాటుతారు. మొక్క చుట్టూ మొగలి ఆకుతో అడుగులేని బుట్ట అల్లి, ఎండుటాకులూ నల్లమట్టీ దఫదఫాలుగా నింపుతారు. ఏ ఆకు ఎంత వేయాలన్నది ఇంటింటి రహస్యం. సున్నపు నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు, ఆకులు పాలిపోతాయి. అందుకే పసిఫిక్ పగడపు దీవుల్లో చెట్ల గోతుల్లో తుప్పుపట్టిన డబ్బాలు పాతిపెట్టే అలవాటు వచ్చింది.

ఇల్లు కట్టేవాడికి మాత్రం ఆ తుప్పే శత్రువు. ఉప్పెక్కిన పగడపు ఇసుకతో కాంక్రీటు పోస్తే లోపలి ఇనుప చువ్వను తుప్పు తినేస్తుంది. పాతవాళ్లకు ఆ బాధ లేదు. తడిగా ఉన్నప్పుడు పగడాన్ని చెక్కితే ఆరాక గట్టిపడుతుంది. మాల్దీవుల రాజధాని మాలెలో 1658 నాటి హుకురు మిస్కీ మసీదు గోడలు అలా చెక్కి, ఒకదానిలో ఒకటి బిగించిన పగడపు దిమ్మెలే. ఇక మన లక్షద్వీప్‌లో నీళ్లకు రాయే అడ్డు. ఇసుక కింద అడుగు, అడుగున్నర మందాన రాతి పొర ఉంటుంది. దాన్ని పగలగొట్టి నాలుగు పారలు ఇసుక తోడితే నీళ్లే. కొబ్బరి పీచు నానేసే గుంటలు అలా పుట్టినవే.

చేమ గోతుల్లో ఇంత ఓపికగా చేసిన నేల పాడవడానికి ఎన్నేళ్లో అక్కర్లేదు. పెద్ద అల ఒక్కటి గోతిలోకి పొర్లితే చాలు, చేమ కుళ్లుతుంది. యంత్రం అలకంటే తొందరపడింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ సైన్యం తువాలు దేశపు ఫునాఫుటిలో రన్‌వే కోసం దీవినే తవ్వి గోతులు వదిలేసింది. డెబ్బై ఏళ్లపాటు అవి మురుగుతో, చెత్తతో నిండి ఉండిపోయాయి. న్యూజిలాండ్ సాయంతో మడుగులోని ఇసుక తోడిపోసి వాటిని పూడ్చింది 2015లో.