సముద్రపు చేపపిల్ల అన్నప్రాశనము

చేపపిల్లకు ఈత నేర్పవలెనా యని మనలో నొక సామెత కలదు. నేర్పనక్కరలేదు, నిజమే. కాని సముద్రపు చేపపిల్లచేత మొదటి ముద్ద తినిపించుటకు మనుష్యజాతికి ఇంచుమించు నూరేండ్లు పట్టినది. గ్రుడ్లు సంపాదించుట అంత కష్టము కాలేదు. వానిని పొదిగించుటయు కష్టము కాలేదు. పొదిగిన పిల్ల నోరు తెరచిన దినమున ఆ చిన్నినోట పట్టెడి ఆహారమేదియో తెలియకపోవుటయే చిక్కు. అద్దపుతొట్లలో వేడుకకై పెంచెడి రంగురంగుల చిన్నచేపల విషయమున ఆ చిక్కు ఎట్లు విడినదో, ఎంతవరకు విడలేదో, ఈనాటి ప్రసంగమున మనవి చేసెదను.

మన చెరువులలో బొచ్చెపిల్లలను, శీలావతిపిల్లలను పెంచువారికి ఈ మాట వింతగా తోచవచ్చును. నారుచెరువులో పశువుల పేడ వేసినచో నీరు పచ్చబడును. ఆ పచ్చదనమును తిని కంటికానని పురుగులు పుట్టును. పురుగులను తిని పిల్లలు పెరుగును. అంతయు తనంతట జరిగిపోవును. సముద్రపు పగడపుదిబ్బలలో వసించు చేపల సంగతి అట్టిది కాదు. వానిలో పెక్కింటి గ్రుడ్డు గసగసగింజకంటె పెద్దది కాదు. అది నీటిపై తేలుచు పోవును. దానినుండి వెలువడిన డింభకమునకు తొలుత నోరులేదు, సరియైన కన్నులేదు. పొట్టక్రింద నంటియున్న పచ్చసొనయే దాని సద్ది మూట. రెండుమూడు దినములలో ఆ సద్ది యైపోవును, నోరు తెరచుకొనును. ఆనాడో మరునాడో తిండి దొరకనిచో చచ్చును. తిండి యనగా ఎండబెట్టి పొడిచేసిన పిండి పనికిరాదు. ఎదుట కదలాడు ప్రాణి కావలెను. ఆ ప్రాణి దాని నోటికంటె చిన్నది కావలెను.

సముద్రజంతువులను ఇంటిలో నుంచుకొను వేడుక ఇంగ్లండున ప్రబలినది. 1846లో ఆనా థిన్ అను నామె టార్కీ తీరమునుండి కొన్ని పగడపుజీవులను లండను నగరమునకు తెచ్చి గాజుపాత్రలలో నుంచెను. నిలువయున్న నీరు చెడును గదా! కావున ఆమె యింటి దాసి తెరచిన కిటికీయొద్ద నిలిచి, ఆ నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పోయుచు, తిరిగి తీసి పోయుచు, గాలి సోకించుచుండెనట. చరిత్రలో యజమానురాలి పేరు నిలిచినది. చేతులు నొచ్చిన దాసి పేరు నిలువలేదు. 1853లో ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుని సహాయముతో లండను జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహము తెరువబడెను. మరుసటి యేట ఆయన వ్రాసిన గ్రంథమువలన 'అక్వేరియము' అను మాట ఇంటింట వ్యాపించెను. తెలుగుజిల్లాలకును రాజధానియైన చెన్నపట్టణమున 1909లో మెరీనా తీరమున నిట్టి ప్రదర్శనశాల వెలసెను. ఇవన్నియు పట్టితెచ్చిన చేపలతో నిండినవే. ఒకటి చచ్చిన మరియొకటి పట్టి తెచ్చుట, అది చచ్చిన ఇంకొకటి తెచ్చుట.

పిల్లలను పెంచు ప్రయత్నము మొదలిడినది వేడుకకొరకు కాదు, కడుపుకొరకు. నార్వే దేశమువారికి కాడ్ అను చేప మనకు వరి యెట్టిదో అట్టిది. 1860వ దశకమున జి. ఓ. సార్స్ అను పండితుడు లోఫోటెన్ దీవులయొద్ద ఈ చేప గ్రుడ్లు నీటి యడుగున నుండక పైకి తేలుచుండుట కనిపెట్టెను. తరువాత 1880వ దశకమున డానెవిగ్ అను నౌకాధిపతి ఫ్లోడెవిగెన్ అనుచోట పొదుగుశాల నెలకొల్పి కోట్లకొలది గ్రుడ్లను పొదిగించెను. తినిపించు నుపాయము తెలియదు. కావున సద్ది మూట తీరకముందే ఆ పిల్లలను సముద్రమున విడిచిపెట్టుచుండిరి. ఈ పని 1971 వరకు సాగినది! దానివలన సముద్రమున చేపలు పెరిగినవని ఎవరును నిశ్చయముగ చూపలేకపోయిరి. విత్తనములు చల్లితిమి గదా యని తృప్తిపడి, మొలక బ్రదికినదో లేదో చూడని సేద్యమది. ఐనను డానెవిగ్ 1886లో ఒక ముచ్చటైన పని చేసెను. సముద్రపు నీటితో నింపిన పెద్ద మడుగులో కొన్ని పిల్లలను విడిచి చూడగా, అందు సహజముగ పుట్టిన సూక్ష్మజీవులను తిని అవి పెరిగి చేపరూపము దాల్చెను. తిండి దొరికిన బ్రదుకుననుట రుజువైనది. మడుగులో దొరికిన ఆ తిండిని గదిలోని తొట్టిలో పుట్టించుట యెట్లు?

దానికి మొదటి సమాధానము ఉప్పుమడిలో దొరకినది. నౌపడ, చినగంజాము ప్రాంతముల ఉప్పు పండించువారికి మడిలో నీరు నానాటికి ఎంత చిక్కబడునో తెలియును. అట్టి నీటిలో చేప బ్రదుకదు. చేప బ్రదుకదు గనుకనే ఆర్టీమియా యను చిన్న రొయ్యజాతి పురుగు అట్టిచోట్ల నిర్భయముగ బ్రదుకును. ఇంగ్లండులో లిమింగ్‌టన్ ఉప్పుకొటారులయందు దీనిని 1755లో ష్లోసర్ అను నతడు చూచి వర్ణించెను. దీని యందు గొప్ప విశేష మేమనగా, కాలము ప్రతికూలించినప్పుడు ఇది పిల్లలకు మారుగా గట్టిపెంకు గ్రుడ్లను విడుచును. గట్టున గోధుమవన్నె ధూళివలె పేరుకొను నీ గ్రుడ్లను శుభ్రపరచి, ఎండబెట్టి, తేమ తగులకుండ డబ్బాలో మూసియుంచినచో ఏండ్లతరబడి చెడవు. మనము గాదెలో విత్తనములు దాచుకొన్నట్లే. కావలసిననాడు గోరువెచ్చని ఉప్పునీటిలో వేసి, వెలుతురు తగులనిచ్చి, అడుగునుండి గాలి పంపినచో ఇంచుమించు ఒక దినములో నారింజవన్నె పిల్లపురుగులు వెలువడును. గాలి యాపినచో ఖాళీ పెంకులు పైకి తేలును, పురుగులు అడుగున చేరును, గొట్టముతో లాగుకొనవచ్చును. ఆలస్యము చేయరాదు. గంటలు గడచినకొలది పురుగు తన కొవ్వును తానే కరగించుకొని సారహీన మగును.

ఈ పురుగు చేపపిల్లలకు మంచి ఆహారమని 1933లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్టు మత్స్యప్రదర్శనశాలకు చెందిన ఆల్విన్ సీల్ ప్రకటించెను. 1939లో నార్వేలో గన్నార్ రోలెఫ్‌సెన్ దీనితో సముద్రపు చేపల డింభకములను పెంచవచ్చునని చూపెను. డానెవిగ్ మడుగునకును ఈ డబ్బాకును నడుమ అర్ధశతాబ్దము గడచినది.

కాని శ్రోతలారా, ఆర్టీమియా పిల్ల మిల్లీమీటరులో దాదాపు సగము. నార్వేలో పెంచిన ప్లేస్ వంటి చేపపిల్లల నోటికది పట్టును. పగడపుదిబ్బల చేపపిల్లలలో పెక్కింటికి అది చంటిబిడ్డ నోటిలో కొబ్బరికాయ. దానికంటె చిన్నది కావలెను.

ఆ చిన్నది జపానులో శత్రురూపమున కనబడినది. అచ్చటి రైతులు ఈల్ అను పాముచేపను చెరువులలో పెంచుదురు. పచ్చగానుండిన చెరువునీరు ఒక్కొక్కప్పుడు హఠాత్తుగ తేటపడిపోవును. చేపలు ఊపిరాడక, మేత ముట్టక, వ్యాధిగ్రస్తము లగును. నీరు మారినదని వారు వాపోవుదురు. కారణమేమన, రోటిఫరు అను సూక్ష్మజీవి విస్తారముగ పుట్టి నీటిలోని పచ్చనాచు నంతయు మ్రింగివేయుట. మిల్లీమీటరున ఐదవవంతు పొడవుండు నీ జీవి తలపై సన్నని రోమములు చక్రము తిరుగునట్లు ఆడుచుండును. తకాషి ఇటో అను శాస్త్రజ్ఞుడు దీనిని వేరొక కంటితో చూచెను. చెరువునంతయు తినివేయునంత వేగముగ వృద్ధిపొందు జీవి, మెల్లగ ఈదునది, మిక్కిలి చిన్నది. చేపపిల్లకు ఇంతకంటె ఏమి కావలెను? ఆయన దానిని ఉప్పునీటిలో పెంచి, డింభకములకు ఆహారముగ వాడవచ్చునని 1960లో ప్రకటించెను. ఈ కథలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్ట మిది. చేలో కలుపుమొక్కను పీకి పారవేయకముందు దాని యుపయోగమును వెదకిన రైతుబుద్ధి ఇందున్నది.

అప్పటినుండి పొదుగుశాలలలో నొక వరుస యేర్పడినది. ఒక తొట్టిలో కంటికానని సముద్రపు నాచును పెంచుదురు. రెండవ తొట్టిలో ఆ నాచుతో రోటిఫరులను పెంచుదురు. మూడవ తొట్టిలో డింభకములకు మొదట రోటిఫరులను, కొంత పెరిగినపిమ్మట ఆర్టీమియాను పెట్టుదురు. ఏ తొట్టి చెడినను క్రింది తొట్లన్నియు పస్తు. పాడిపశువును పెంచువానికి పండుగలేదు, పబ్బములేదు; వీరికిని అంతే.

నాచు పెంచుట శ్రమ యని 1960వ దశకమున జపానువారు రొట్టెను పొంగించు ఈస్టుతో రోటిఫరులను పెంచసాగిరి. చౌక, సులభము, రోటిఫరులు దండిగ పెరిగెను. వానిని కడుపునిండ తినియు చేపపిల్లలు కుప్పలుగ చచ్చెను! కడుపు నిండియుండగా చావేమి? వతనబె మొదలగువారు ఏండ్లతరబడి పరిశోధించి తేల్చిన దేమనగా, సముద్రపు చేపపిల్లకు అవసరమైన ఒకజాతి కొవ్వు సముద్రపు నాచులో కలదు, ఈస్టులో లేదు. రోటిఫరు తిన్నదే చేపపిల్లకు చేరును. ఊకతిన్న గేదె పాలకును, పచ్చిగడ్డి తిన్న గేదె పాలకును భేదము మనకు చెప్పవలెనా? తరువాత చేపనూనె, నాచు మేపి, సారము పట్టించిన పిమ్మటనే రోటిఫరులను, ఆర్టీమియాను పిల్లలకు పెట్టుట ఆచారమైనది.

ఈ సాధనములు చేతికందగనే వేడుకచేపలపై ప్రయోగము జరిగెను. అమెరికాలోని ఫ్లారిడాలో మార్టిన్ మో అను నతడు 1970వ దశకారంభమున నారింజరంగుపై తెల్లని పట్టెలుగల చిన్నచేపను అమ్మకమునకై పెంచసాగెను. దాని నాటకపు వేషమునుబట్టి ఆంగ్లేయులు దానిని విదూషకుని పేర, క్లౌనుచేప యని పిలుతురు. పువ్వువలె విచ్చుకొని కుట్టెడి ఆనిమోను అను సముద్రజంతువు నడుమ ఇది కాపురముండును. ఇంట పెత్తనము ఆడుచేపది. అది చచ్చినచో మగచేపయే ఆడుదిగ మారిపోవునని ఫ్రిక్కె దంపతులు 1977లో ప్రకటించిరి. ఆడుది రాతికి అంటించి గ్రుడ్లు పెట్టును. మగది రెక్కలతో విసరుచు ఒక వారము కావలికాయును. చీకటిపడిన పిదప పిల్లలు వెలువడును. ఇవి తేలుగ్రుడ్ల పిల్లలవంటివి కావు; పుట్టుకతోడనే కన్నును నోరును గలవి, రోటిఫరును వెంటనే పట్టగలవి. పదిదినములు గడచునప్పటికి పట్టెలు తొడిగి అడుగునకు దిగును. క్లౌనుచేపతోనే ఈ వృత్తి నిలుచుటకు కారణమిదియే.

ఇంత శ్రమ యెందుల కందురా? 1960వ దశకమునుండి ఫిలిప్పీను దీవులలో కొందరు, వేడుకచేపలను మత్తులో పట్టుటకు పగడపు సందులలోనికి సయనైడు విషమును చిమ్ముట మొదలిడిరి. చేప చిక్కును, పగడము చచ్చును, చిక్కిన చేపయు తరచుగ దూరదేశము చేరకమునుపే చచ్చును. తెరచాటున నుండి లాభము దీయు వర్తకుని విడిచి, నాలుగు కాసులకై మునిగెడి జాలరినే దూషించుట న్యాయము కాదని నా యభిప్రాయము.

పొదుగుశాల కలిగినంతమాత్రమున ఈ ఆపద తీరదనుటకు బంగ్గాయి చేప సాక్షి. ఇండోనీషియాలో సులవేసి ప్రక్కనున్న బంగ్గాయి దీవులే దీని స్వస్థలము. 1933లో శాస్త్రమున వర్ణింపబడి, 1990వ దశకమున వర్తకుల కంటబడెను. మగచేప గ్రుడ్లను, పిమ్మట పిల్లలను నోటిలోనే దాచును. వెలుపలికి వచ్చునప్పటికే పిల్ల ఆర్టీమియాను తినగలంత యుండును. పెంచుట కింతకంటె సుళువైన సముద్రపు వేడుకచేప లేదనవచ్చును. ఐనను సముద్రమున పట్టినది చౌక. కాబట్టి దానినే లక్షలుగ పట్టిరి. 2007లో అంతర్జాతీయ ప్రకృతిపరిరక్షణ సంఘము దీనిని అంతరించు నపాయమున నున్న జాతులలో చేర్చెను.

మనకును ఈ కథతో బాంధవ్యము లేకపోలేదు. కోస్తాలో రొయ్యలసాగు ప్రబలిన తొలిదినములలో ఏటిమొగలలో వలలతో పిల్లరొయ్యలను పట్టి చెరువులకు అమ్ముచుండిరి. తరువాత పొదుగుశాలలు వచ్చెను. నెల్లూరు, భీమవరముల రైతు కొను రొయ్యపిల్ల వెనుక ఆర్టీమియా డబ్బా యున్నది. అమెరికాలోని గ్రేట్ సాల్టు లేక్ అను మహాలవణసరస్సు దానికి ముఖ్యమైన పంటపొలము. 1970వ దశకము నడుమ ఈ గ్రుడ్లకు కరవు వచ్చి వెల మిక్కిలి పెరుగగా, బెల్జియములోని ఘెంటులో పాట్రిక్ సార్గెలూస్ మొదలగువారు 1978లో దీనికై ప్రత్యేక పరిశోధనకేంద్రము స్థాపించిరి. 1947లో ఏర్పడిన మన కేంద్రీయ సముద్రమత్స్య పరిశోధనసంస్థవారును క్లౌనుచేపలను తొట్లలో పెంచిరి. ఆ సంస్థయొక్క విశాఖపట్టణ కేంద్రమున గ్రూపరు అను తినుచేపకు పిల్లలు పుట్టించి పెంచిరి. గ్రూపరుపిల్ల నోరు మిక్కిలి చిన్నది. రోటిఫరులలోను చిన్నవానిని ఏరి పెట్టవలెను.

అంతకంటెను చిన్ననోటి వానికి కోపిపాడు అను సముద్రపుపురుగు పిల్లలే గతి. వానితోనే 2015లో హవాయి దీవులలో పసుపుపచ్చని టాంగ్ చేపను, 2016లో ఫ్లారిడా విశ్వవిద్యాలయమువారు నీలి టాంగ్ చేపను, మొదటిసారిగ పిల్లనుండి పెంచగలిగిరి. కాని కోపిపాడులు రోటిఫరులవలె చిక్కగ పెరుగవు. ఇరుకు ఎక్కువైనచో సంతానము తగ్గించును. ఈస్టు ముట్టవు, బ్రదికియున్న నాచునే కోరును. డబ్బాలో దాచుకొనుటకు ఆర్టీమియావంటి సులభపు విత్తనము వానికి దొరకలేదు. పగడపుదిబ్బలలోని వేడుకచేపలలో అధికసంఖ్యాకములు నేటికిని సముద్రమునుండి పట్టి తెచ్చినవే.