ఒకే డిస్కులో ఆరు సినిమాలు

త్రీ ఇన్ వన్ డీవీడీని మురిసిపోయి కొనుక్కున్నవాళ్లకు ఒక చిన్న లెక్క ఎవరూ చెప్పలేదు. ఒకే పొర ఉన్న డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు. రెండున్నర గంటల తెలుగు సినిమాలు మూడింటిని అందులో సర్దితే, బొమ్మకూ శబ్దానికీ కలిపి సెకనుకు దక్కేది సుమారు 1,390 కిలోబిట్లు. అంతకుముందటి వీడియో సీడీ ఇచ్చింది 1,374. పేరు మారింది, డిస్కు మెరిసింది, లోపలి సరుకు మాత్రం ఇంచుమించు అంతే.

వీసీడీ ప్రమాణాన్ని 1993లో ఫిలిప్స్, సోనీ, జేవీసీ, మత్సుషిటా కంపెనీలు తెచ్చాయి. ఒక సీడీకి 74 నిమిషాలు. హాలీవుడ్ సినిమాకే అది చాలదు, మన పాటలూ ఫైట్లూ కలిస్తే ఇంకేం చెప్పాలి! ఇంటర్వెల్ దగ్గర లేచి డిస్కు మార్చాల్సిందే.

అసలు సినిమాను కుదించడమనే ఆలోచనకు పునాది ఇంకా వెనక ఉంది. బెంగళూరులో పుట్టి అమెరికాలో ప్రొఫెసరైన నసీర్ అహ్మద్ 1972లో ఒక గణిత పద్ధతి మీద పని చేస్తానని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగారు. మరీ తేలిక విషయమని వాళ్లు తోసిపుచ్చారు. అయినా 1974లో టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి దాన్ని ప్రచురించారు. ఈ రావు కమిశెట్టి రామమోహనరావు. పేరు వింటేనే మనవాడనిపిస్తుంది. వాళ్లు ప్రచురించిన ఆ పద్ధతే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. బొమ్మను 8x8 చుక్కల గళ్లుగా విడగొట్టి, కన్ను పట్టించుకోని సన్నని వివరాలను ముందు తీసేయడానికి అది దారి చూపింది. కదలని గోడను ప్రతి ఫ్రేములో మళ్లీ రాయకుండా, మారినదాన్నే రాసుకోవడం ఇంకో ఉపాయం. 1988లో మొదలైన ఎంపెగ్ బృందం ఈ రెంటినీ కలిపి ప్రమాణాలు రాసింది. ఈ ఉపాయాలు ఎక్కడ చేతులెత్తేస్తాయో మన ప్రేక్షకుడికి బాగా తెలుసు: వానపాట రాగానే తెరంతా గళ్లుగళ్లుగా విరిగిపోతుంది.

డీవీడీ 1996 నవంబరులో జపాన్‌లో అమ్మకానికొచ్చింది. కాపీ చేయకుండా దానికి వేసిన తాళాన్ని 1999లో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రాం విప్పేసింది. దాదాపు అదే కాలంలో ఫ్రాన్స్‌లో జెరోమ్ రోటా, వీడియోను కుదించే మైక్రోసాఫ్ట్ ఎంపెగ్-4 కోడెక్‌ను సవరించి, ఏవీఐ ఫైళ్లలో వాడుకునేలా చేశాడు. డివ్‌ఎక్స్ అని పేరు పెట్టి పక్కన కన్నుగీటే గుర్తు తగిలించాడు. అమెరికాలో అప్పుడే మూతపడిన అద్దె డిస్కుల పథకం పేరది, వెక్కిరింతగా వాడుకున్నాడు. దాంతో డీవీడీ సినిమా 700 మెగాబైట్ల సీడీలో ఇమిడింది.

ఇక డీవీడీ రైటర్లు చవకయ్యాయి. 1997లో పయొనీర్ తొలి రైటర్ ధర 17,000 డాలర్లు. కొన్నేళ్లకే అది మామూలు కంప్యూటర్లోకి వచ్చేసింది. 700 చొప్పున ఆరు ఫైళ్లంటే 4.2 గిగాబైట్లు, ఖాళీ డీవీడీకి అతికినట్టు సరిపోతాయి. 2003 ప్రాంతంలో డెన్మార్క్ కంపెనీ కిస్ వంటివి డివ్‌ఎక్స్ చదివే ప్లేయర్లు తేవడంతో ఆ ఆరు సినిమాలూ హాల్లో టీవీ మీదికొచ్చాయి. నా దృష్టిలో అసలు మలుపు ఈ ప్లేయరే. అంతవరకూ అది కంప్యూటర్ కుర్రాళ్ల సరదా, ఆ తర్వాత ఇంటిల్లిపాదిదీ.

తెలుగు సినిమాలు ఆరు ఎక్కిస్తే సెకనుకు మిగిలేది మహా అయితే 700 కిలోబిట్లు, వీసీడీలో సగం. అయినా చూడ్డానికి దానికి తీసిపోదు. ఆ ఘనత డిస్కుది కాదు, లెక్కలది.

అయితే ఇలా ఇంట్లో రాసుకునే రికార్డబుల్ డిస్కులో సమాచారం నిలిచేది రంగు పొర మీద; ఎండకూ వేడికీ అది పాడవుతుంది. ఇంట్లో పెళ్లి వీడియోలు అలాంటి డిస్కుల్లో ఉంటే ఇప్పుడే హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకోండి. ఉన్న ఫైలును ఉన్నట్టే కాపీ చేయండి, మళ్లీ కుదించకండి. కుదించిన ప్రతిసారీ బొమ్మలో ఇంకొంత పోతుంది, పోయింది తిరిగి రాదు.