ఎడిటరు ఎవరు? కాదు, ఏది?

మొన్న దసరా సెలవులకి బెంగుళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు నా కంప్యూటరు ముందు కూర్చుని, "అత్తా, నీ ఎడిటర్ ఏది?" అన్నాడు.

"ఏది ఏందిరా, ఎవరు అనాల. పెద్దాయన" అన్నాను కాస్త కోపంగానే.

వాడు పగలబడి నవ్వాడు. నేను చెప్పింది నా సీరియల్ వేస్తున్న వారపత్రిక సంపాదకుడి గురించి. వాడడిగింది కంప్యూటర్లో అక్షరాలు రాసుకునే పనిముట్టు గురించి!

నా తప్పేముంది చెప్పండి? అనంతపురం మనిషికి ఎడిటరంటే 1926లో ఈ ఊళ్ళోనే 'శ్రీ సాధన' పత్రిక పెట్టిన పప్పూరు రామాచార్యులు గారు గుర్తొస్తారు. తరిమెలలో పుట్టి ఆంధ్రప్రభ వారపత్రికను ఏళ్ళ తరబడి నడిపిన విద్వాన్ విశ్వం గారు గుర్తొస్తారు. ఆ కాలంలో అక్షరం అంటే సీసపు ముక్క. కంపోజిటరు గళ్ళపెట్టె ముందు నిలబడి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్న ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి పేర్చేవాడు. అక్షరానికి బరువుండేది. ఇప్పుడు లేదు కదా అని సంబరపడ్డానేమో, ఆ బరువేమిటో నాకు తర్వాత తెలిసొచ్చింది.

అసలు సంగతి చెప్తాను. 2003లో మా నాయన, పోయే ముందు ఏడు, రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పాత సంగతులు చెప్పేవాడు. వేరుశెనగ మా మెట్టచేలను కమ్మేయకముందు ఎన్ని రకాల కొర్రలు వేసేవాళ్ళు, ఏ చెరువు ఏ ఏడు నిండింది, కరువులో గొడ్లను ఎటు తోలుకుపోయారు - అన్నీ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల మాది. నిండిన చెరువుని తేదీతో సహా గుర్తు పెట్టుకుంటారు. నేను నోటుబుక్కుల్లో రాసుకుని టౌన్లో ఒక డి.టి.పి. సెంటర్లో టైపు చేయించాను. తొంభై పేజీలు. సీడీ ఇచ్చారు. నోటుబుక్కులు? చెదలు తిన్నాయి. ఆ సెంటరూ మూతపడింది. ఇరవయ్యేళ్ళ తర్వాత సీడీ తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఎక్కడివో పైన చుక్కలున్న అక్షరాలు. మా నాయన ఏ జన్మలోనూ మాట్లాడని భాష.

మేనల్లుణ్ణి పిలిపించింది అందుకే.

వాడు వివరించాడు. ఆ రోజుల్లో మన తెలుగు ఫాంట్లు చాలా భాగం ఒక మోసంతో నడిచేవట. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలకే తెలుగు ముక్కలు తొడిగేవారు. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క - మళ్ళీ గళ్ళపెట్టే అన్నమాట! ఆ ఫాంటు ఉన్నంతవరకూ తెలుగు, అది పోతే పిచ్చిరాత. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకంటూ సొంత సంఖ్యలిచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. పాత ఫాంట్ల రాతని యూనికోడులోకి మార్చడానికి వెన్న నాగార్జున గారు 'పద్మ' అని ఒక సాధనం చేశారు. కానీ మా సీడీలోని ఫాంటు దానికీ తెలియదు.

"అయితే చేత్తోనే ఏరాల. దానికే ఎడిటర్ కావాల్సింది. వర్డ్ లాంటివి సోకులు చూపిస్తాయి. ఎడిటర్ ఉన్నదున్నట్టు చూపిస్తాది" అన్నాడు.

వీటి చరిత్ర వింటే మన ఇళ్ళ కథల్లాగే ఉంది. 1969లో కెన్ థాంప్సన్ అనే ఆయన 'ఎడ్' అని ఒకటి రాశాడు. అప్పటికి తెర లేదు, టైపు మిషనులాంటి యంత్రం కాగితం మీదే కొట్టేది. తప్పు చేస్తే అది ఏమీ చెప్పదు, ఒక ప్రశ్నార్థకం మాత్రం వేస్తుంది. మా నాయన కూడా అంతే, కనుబొమ్మ ఎత్తేవాడు. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ 'వి.ఐ.' చేశాడు. ఇంటి నుంచి ఫోను తీగ మీద సెకనుకి ముప్ఫై అక్షరాలు పోయే కాలం. అందుకే ఆజ్ఞలన్నీ ఒక్కో అక్షరంలో సరిపెట్టాడు. నీళ్ళు తక్కువైన చోట చెంబు చిన్నదవుతుంది కదా! అదే ఏడు ఎం.ఐ.టి.లో స్టాల్‌మన్ తదితరుల 'ఈమాక్స్' పుట్టింది. ఇక ఆ రెండు వర్గాలకీ అప్పటి నుంచీ పడదు. సినిమావాళ్ళు ఊరికే మా సీమ మీద పడతారు గానీ, కక్షలంటే అవీ!

వి.ఐ.ని పెంచి 1991లో బ్రామ్ మూలెనార్ అనే డచ్చాయన 'విమ్' ఇచ్చాడు. డబ్బు అడగలేదు, వీలైతే ఉగాండాలోని అనాథ పిల్లలకి సాయం చెయ్యమన్నాడు. 2023లో పోయాడు. 1969 నుంచి ఫెర్రర్ గారిని చూసిన అనంతపురం వాళ్ళకి ఇలాంటివాళ్ళ మీద అభిమానం పుట్టడం వింత కాదు.

ఆ అభిమానంతోనే నేనూ విమ్ నేర్చుకోబోయాను. చెప్పొద్దూ, ఓడిపోయాను. అందులో రాసే స్థితి వేరు, ఆజ్ఞాపించే స్థితి వేరు. కిందికి పొమ్మనడానికి 'జె' నొక్కాలి. నాది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, తెలుగు పెట్టుకుని 'జె' నొక్కితే 'ర' పడుతుంది. నేను పొమ్మంటుంటే అది 'ర' అంటుంది! మాటిమాటికీ ఇంగ్లీషుకి మారాలి. తెలుగువాడెవడూ పక్కన లేకుండా చేసిన పనిముట్టు అది, ఎంత మంచివాడు చేసినా.

1985 నుంచీ విండోస్‌తో వచ్చే నోట్‌ప్యాడ్ ఉండనే ఉంది. అయితే 2019 దాకా అది తనంతట తాను యూనికోడులో దాచేది కాదు. హెచ్చరిక చదవకుండా 'సరే' నొక్కితే తెలుగంతా ప్రశ్నార్థకాలే. హెచ్చరికలు చదివేవాళ్ళెవరు? చివరికి నా రోజువారీ రాతకి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ పెట్టుకున్నాను. 2003 నాటిది, ఉచితం. ఫైలు ఏ సంకేతంలో ఉందో అడుగున రాసి చూపిస్తుంది. నాకు కావలసిందల్లా అదే.

మేనల్లుడు మాత్రం విమ్‌లోనే దిగాడు. ఫలానా గుర్తు తీసి ఫలానా అక్షరం పెట్టు అనే ఆజ్ఞ - ఆ 1969 నాటి 'ఎడ్'లోనిదేనట - దానితో ఒక్కో ముక్కా మార్చుకుంటూ పోయాడు. "అత్తా, ఇది 'కొ'నా 'కో'నా?" "కొర్రలురా, కొ." మూడు రాత్రులు. రెండో రాత్రి తెల్లవారుజామున ఒక వాక్యం పూర్తిగా తెలుగైంది. చెరువు నిండిన ఏడు కట్ట మీద పడుకున్నామని. నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టే నెపంతో కాసేపు నిలబడ్డాను.

తొంభై పేజీలూ వచ్చాయి, ఒక్క మాట తప్ప. ఒక కొర్ర రకం పేరు. టైపు చేసినవాడే తప్పు కొట్టాడో, సీడీ గీత పడిందో, మూడు రకాలుగా చదవచ్చు. ఊళ్ళో ముసలివాళ్ళని అడిగాను, మూడూ వినలేదన్నారు. మేనల్లుడు అక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టి దాచి, బెంగుళూరు బస్సెక్కాడు.