మెత్తని సస్పెన్షన్

తేలికపాటి స్పోర్ట్స్ కారుకు గతుకుల రోడ్డును తట్టుకునేలా బిరుసు తగ్గించిన స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు అమర్చే పద్ధతి.

పనితీరు: కారు ఊగే తీరు స్ప్రింగు బిరుసు, కారు బరువు రెండింటి మీదా ఆధారపడుతుంది. 1,400 కిలోల కారులో మెత్తగా ఉన్న స్ప్రింగే 700 కిలోల కారులో బిరుసుగా ఉంటుంది. బిరుసు ఎక్కువైతే గతుకు దగ్గర చక్రం ఎగిరి నేలను వదులుతుంది. అప్పుడు బ్రేకూ పట్టదు, మలుపూ తిరగదు. కోలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1962లో తెచ్చిన ఎలాన్ కారు మెత్తని స్ప్రింగులతోనే మలుపుల్లో పేరు తెచ్చుకుంది.

స్థానిక అవసరం: నెల్లూరు జిల్లా పడమటి భాగంలో ఆత్మకూరు మీదుగా 67వ జాతీయ రహదారి వెళుతుంది. అక్కడి ఉదయగిరి, వెలిగొండల ప్రాంతంలో ఉంది. రహదారి దిగి పల్లె దారి పడితే గతుకులు, స్పీడు బ్రేకర్లు తప్పవు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంతే ఎత్తును ఇరుకుగా, నిటారుగా కడితే కారు అడుగు రాసుకుంటుంది.

ఎంపిక: మెత్తని స్ప్రింగు ఎక్కువగా కుంగుతుంది కనుక కారు ఎత్తు తగ్గించకూడదు. మలుపుల్లో కారు ఎక్కువగా ఒరగకుండా యాంటీ రోల్ బార్ ఆపుతుంది. బానెట్ మూలను నొక్కి వదిలితే కారు ఒకసారి లేచి నిలవాలి. ఊగుతూనే ఉంటే షాక్ అబ్జార్బర్ అరిగినట్టే.