నిస్తంతి వార్తకు నిరాటంక మార్గము

తపతీ తీరమందలి సూరతు నగరము మన తెలుగువారికి పరాయి ఊరు కాదు. తెలంగాణా పల్లెలనుండి మగ్గమును నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబములు అనేకము లింబాయత్ ప్రాంతమున స్థిరపడినవి. ఈ నగరమునకు ప్రాణాధారమైన నదియే 2006 ఆగస్టు మాసమున దానిని ముంచివేసినది. ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరమున ఉకాయ్ ఆనకట్ట కలదు. అచ్చట విడిచిన నీటికంటె ముందుగా వార్త ఊరు చేరవలెను. వర్షపాతమును, నీటిమట్టమును తామే కొలిచి తంతులు లేకుండ తెలియజేయు చిన్న యంత్రములు నేడు లోకమందు వ్యాపించియున్నవి. వీనికి బ్యాటరీయే ఆధారము. గొంతు బహు సన్నము. పెద్ద గొంతుల నడుమ ఈ సన్నని గొంతు వినబడుట ఎట్లు? ఈ ప్రశ్నకు నూరేండ్లు పైబడిన చరిత్ర కలదు.

తొలినాటి నిస్తంతి యంత్రములు విద్యుత్తు రవ్వలతో పనిచేసెడివి. ఆ రవ్వలనుండి పుట్టిన తరంగము ఒక్క శ్రుతిలో నిలువక ఇరుగుపొరుగు శ్రుతులనుగూడ ఆక్రమించెడిది. 1912 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి, తాము మంచుగడ్డల నడుమ నిలిచిపోతిమని కాలిఫోర్నియన్ అను ఓడ సమీపముననున్న టైటానిక్‌నకు తెలిపెను. అప్పుడు టైటానిక్ ఉద్యోగి దూరమందలి కేప్ రేస్ కేంద్రముతో సంభాషించుచుండెను. దగ్గరి ఓడ సంకేతము చెవులు గింగురుమనునట్లు వచ్చిపడగా, అతడు విసిగి దానిని ఊరకుండుమనెను. గంట గడువకమునుపే టైటానిక్ మంచుకొండను ఢీకొనెను. 1,500 మందికి పైగా మరణించిరి. ఆ ప్రమాదమునకు కారణములు అనేకము. అయినను, ఒక వార్త మరియొక వార్తకు అడ్డుపడుట ఎంతటి ముప్పో లోకము గ్రహించినది.

పిమ్మట చట్టములు వచ్చినవి. అమెరికా అదే సంవత్సరము ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్క తరంగభాగమును కేటాయించెను. మనదేశమున 1933లో నిస్తంతి చట్టము, 1952లో పౌనఃపున్యముల పంపకమును చూచు కేంద్రప్రభుత్వ విభాగము ఏర్పడినవి. ఇది పొలములకు గట్లు వేయుటవంటిది. 2005లో మన ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని, 865–867 మెగాహెర్ట్జ్ పట్టీని స్వల్పశక్తి పరికరములకు లైసెన్సు లేకుండ తెరచినది. ఇవి ఊరుమ్మడి బీళ్లవంటివి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో వైఫై, బ్లూటూత్ సంచరించుచుండ, వంటింటి మైక్రోవేవ్ పొయ్యి రొదయు తోడగుచున్నది. గట్టులేని చోట మర్యాదయే గట్టు.

ఆ మర్యాదను లోకము క్రమముగా నేర్చినది. 1971లో హవాయి దీవులలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందము నడపిన అలోహా పద్ధతిలో ఎవరికి తోచినప్పుడు వారు పలికెడివారు. రెండు పలుకులు ఢీకొన్నచో రెండును చెడును; కావున నూటికి 18 పాళ్లకు మించి కాలము సద్వినియోగము కాదని లెక్క తేలినది. పలుకుటకు ముందు ఆలకింపవలెనను సూత్రమును క్లైన్‌రాక్, టొబాగి 1975లో గణితముతో సమర్థించిరి. 2003లో వెలువడిన 802.15.4 అను ప్రమాణము ఈ సూత్రమును గ్రహించి, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 16 దారులుగ విభజించినది. వైఫై సాధారణముగ 1, 6, 11 దారులలో నడచును గనుక, చిన్న యంత్రములకు 25, 26 దారులు తరచు ఖాళీగ దొరకును.

ఒకే దారిని నమ్ముకొనక గంతులు వేయుట మరియొక ఉపాయము. శత్రువులు టార్పెడోను దారి తప్పింపకుండుటకై నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జి ఆంథైల్ 1942లో ఇట్టి పద్ధతికి పేటెంటు పొందిరి. 2012లో పై ప్రమాణమున వంతులవారీ కాలవిభజనతోపాటు దారి మార్పిడియు చేరినది. తన వంతు రానంతవరకు యంత్రము నిద్రించును, బ్యాటరీయు మన్నును. గొంతు పెంచుటవలన పొరుగువానికి బాధ, తనకు శక్తినష్టము. పక్కవానికి వినబడునంత మాత్రమే పలికి, చేయిచేయిగ వార్తను అందించుటయే మేలు.

2016లో స్మార్ట్ నగరముల తొలి జాబితాలో సూరతుతోపాటు మన విశాఖపట్టణము, కాకినాడ చోటు సంపాదించినవి. ఒకచోట నదీభయము, మిగిలిన రెండుచోట్ల తుపాను భయము. ఇట్టి నగరములందు యంత్రములను నెలకొల్పువారు ముందుగా ఆ చోటి గాలిని ఆలకించి, ఖాళీ దారులను గుర్తించి, పిదప స్తంభము నాటవలెను. నీరు గడప తొక్కక మునుపే వార్త చేరుట ఈ చిన్న జాగ్రత్తపై ఆధారపడియున్నది.