వేసిన బాటను నిలుపుకొనుట

బాట వేయుట ఒకనాటి ఉత్సవము. దానిని నిలుపుకొనుట నిత్యవ్రతము. ప్రారంభోత్సవమునకు పూలదండలు, ప్రసంగములు ఉండును. పూడ్చిన గుంటకు దండ వేయువారెవరు? రోడ్ల చరిత్రను పరిశీలించినచో, మరమ్మతునకు ఒక క్రమపద్ధతిని నెలకొల్పుట రోడ్డు వేయుటకంటె ఎంత కష్టమో మనకు బోధపడును.

18వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమున గ్రామస్థులచే ఏటికి రెండుమార్లు వెట్టిచాకిరిగా రోడ్లు బాగుచేయించెడివారు. నడుమ నెలలలో బాట పాడగుచుండెను. అంతవరకు ఓర్చుకొనుటకై దానిని 18 అంగుళముల మందమున వేయవలసి వచ్చెడిది. లిమోజ్ ప్రాంతమున వెట్టి రద్దయిన పిమ్మట అచటి ఇంజనీరు ట్రెసాగే జీతగాండ్రచే నిత్యము బాగుచేయించెను. అందువలన 10 అంగుళములే చాలినవని 1775లో ఆయన వివరించెను. శ్రద్ధ పెరిగినకొలది రాయి తగ్గెనన్నమాట!

అయితే ఏ బాట ఎంత చెడినదో చెప్పుట ఎట్లు? 1958-60 సంవత్సరములలో అమెరికాలోని ఒట్టావా పట్టణము చెంత ప్రత్యేకముగా వేసిన రోడ్లపై సైనికులు రేయింబవళ్ళు లారీలు నడిపిరి. ప్రయాణికులకు తోచిన సుఖదుఃఖములను యంత్రపు కొలతలతో సరిపోల్చి, రోడ్డుకు సున్న మొదలు 5 వరకు మార్కులు వేయు విధానము ఆ పరిశోధనతో ఏర్పడినది.

ఆరిజోనా రాష్ట్రము 1980లో తన 7,400 మైళ్ళ రోడ్లకు గణితముపై ఆధారపడిన నిర్వహణ పద్ధతిని అమలుపరచెను. అంతకుముందు రోడ్డు బాగుగా చెడినపిమ్మట మందమైన పొర వేయుట వాడుక. చెడకముందే పలుచని పొర వేయుట మేలని లెక్క తేల్చెను. మొదటి సంవత్సరముననే 1 కోటి 40 లక్షల డాలర్లు మిగిలినవి.

లాభమింత స్పష్టమైనను ఆచరణ సులభము కాదు. కొలతలను ఏటేట తప్పక సేకరింపవలెను. చిరకాలానుభవము గల ఇంజనీరు అంకెను నమ్మవలెను. అన్నిటికంటె కష్టమైనది వేరొకటి కలదు. గుంటలలో పడిలేచు గ్రామమువారితో, “ముందుగా బాగున్న రోడ్డుకే ధనము ఖర్చుచేయుదుము” అని చెప్పుట ఎట్లు? లెక్క నిజమే; వారి బాధయు నిజమే. ఈ రెంటికిని సమాధానము చెప్పలేని పద్ధతి కాగితముపైననే నిలిచిపోవును.

మన దేశమున 2000లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో, రోడ్డు వేసిన కంట్రాక్టరే 5 సంవత్సరములు దానిని పోషింపవలెనను నియమము చేర్చబడినది. ఆపై భారము రాష్ట్రములది. ఆరవ సంవత్సరమున ధనము కేటాయింపబడునా లేదా అనుదానిపైననే ఆ బాట ఆయువు ఆధారపడియున్నది. కొత్త బాట కోరునపుడు దాని పోషణమును గూడ అడుగుట మన విధి.